ఫోన్ పోయిందా? ఖాతాలో డబ్బు మాయమైందా? విద్యార్థులు వెంటనే చేయాల్సినవి ఇవే

హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్‌లో, కాలేజీ పెద్ద అంబర్‌పేట్ దాటాక. ఎల్బీనగర్ వరకు మెట్రో, అక్కడి నుంచి హయత్‌నగర్ మీదుగా కిక్కిరిసిన బస్సు. దిగి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఎక్కడ పోయిందో తెలియదు. మరి ఏ స్టేషన్‌కు వెళ్లాలి?

ఏ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, చోరీ వంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ‘మా పరిధి కాదు’ అంటే ఈ సెక్షన్ గుర్తు చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ముందు సిమ్, తర్వాత ఫోన్

ఓటీపీలు వచ్చేది సిమ్‌కే. కాబట్టి మొదట సిమ్ బ్లాక్ చేయించండి. బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించండి. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక, ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబర్‌తో ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయండి. ఆ తర్వాత దొంగ ఏ సిమ్ వేసినా దేశంలోని నెట్‌వర్క్‌లపై అది పనిచేయదు. ఐఎంఈఐ కోసం ఇప్పుడే *#06# నొక్కి, నంబర్‌ను నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్‌లోనే దాచుకుంటే దాంతోపాటే పోతుంది!

డబ్బు పోతే 1930

పార్ట్‌టైమ్ జాబ్, రివ్యూ టాస్క్‌ల పేరుతో మొదట కొంత లాభం చూపి, తర్వాత డిపాజిట్ అడిగితే అది మోసమే. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతా నుంచి పోతుందనే అర్థం. మోసపోతే పరువు గురించి ఆలోచించకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మోసగాళ్లు డ్రా చేసేలోపు ఆ సొమ్మును స్తంభింపజేసే అవకాశం ఉంటుంది.

ఖాతా అద్దెకు ఇవ్వొద్దు

‘నీ అకౌంట్, ఏటీఎం కార్డు ఇస్తే కమీషన్ ఇస్తా’ అని పరిచయస్తుడే అడగొచ్చు. సైబర్ నేరగాళ్లు కొట్టేసిన డబ్బు దాటించడానికి వాడేది ఇలాంటి ఖాతాలనే. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారుడి దగ్గరికే. కేసు నమోదైతే పాస్‌పోర్టు, ఉద్యోగ వెరిఫికేషన్లలో చిక్కులు తప్పవు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఈరోజే బ్యాంకుకు వెళ్లి ఖాతా ఆపించి, పోలీసులకు చెప్పండి.