టీవీకి కామెర్లు

పోయిన సంక్రాంతికి ఆర్మూరు వెళ్ళినప్పుడు బాపుకి కొత్త టీవీ కొన్నాను. గోడకి బిగించిన కుర్రాడు అటు వెళ్ళగానే నేను రిమోట్ పుచ్చుకుని కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ వాడికి సెట్టింగ్స్ కనపడితే చేతులు ఊరుకోవు కదా. 'వివిడ్' తీసేసి 'సినిమా' పెట్టాను. రంగు 'వార్మ్'కి మార్చాను, షార్ప్‌నెస్ దాదాపు సున్నాకి దించాను, మోషన్ స్మూతింగ్ ఆపేశాను. అంతా శాస్త్రప్రకారం చేసి బాపు వైపు గర్వంగా చూశాను.

"ఏందిరా, టీవీకి కామెర్లయినయా?" అన్నాడు బాపు.

ఆయన ముప్పై ఏళ్ళు పసుపు అడ్తిలో గుమాస్తాగా చేసిన మనిషి. పాలిష్ పట్టిన కొమ్ము పైన ఎంత మెరిసినా నమ్మడు, విరిచి లోపలి రంగు చూస్తేనే మాట్లాడతాడు. పచ్చదనం గురించి అలాంటి వాడితో వాదించే ధైర్యం నాకెక్కడిది? కానీ నేను పెట్టింది తప్పు కాదనీ తెలుసు. మరి తేడా ఎక్కడొచ్చింది అని ఆలోచిస్తే మన ఇళ్ళల్లో టీవీ కథంతా తిరగేయాల్సొచ్చింది.

మన దేశంలో టీవీ 1959లో ఢిల్లీలో మొదలైంది. 1975లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి ఏడాదిపాటు ప్రయోగాత్మకంగా కార్యక్రమాలు పంపారు, వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. మా ఇంటికి చేరేసరికి మాత్రం ఎనభైల మధ్య అయింది. బ్లాక్ అండ్ వైట్ పెట్టె, ముందు షట్టర్ తలుపులు. (హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్ళు చేసిన ఈసీ టీవీ మా పక్కింట్లో ఉండేది, దాని ముందు మాది చిన్నబోయేది.)

ఆ రోజుల్లో బొమ్మ సరిచెయ్యడమంటే ఇంటిల్లిపాదీ చేసే పని. నేను మిద్దె మీద యాంటెనా తిప్పేవాణ్ణి, అక్క కిటికీ దగ్గర నిలబడి "ఇంకొంచెం... ఇంకొంచెం... అయ్యో పోయింది!" అని అరిచేది. బొమ్మ మెట్లు దిగుతున్నట్టు జారిపోతుంటే వర్టికల్ హోల్డ్, అడ్డంగా చీలిపోతే హారిజాంటల్ హోల్డ్. సాయంత్రం చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఆన్ అయ్యేసరికి వోల్టేజి పడిపోయి బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయేది. స్టెబిలైజర్ కొన్నాకే ఆ బాధ తగ్గింది. రంగుల సరదా ఉన్నవాళ్ళు తెర ముందు ప్లాస్టిక్ షీటు తగిలించేవాళ్ళు: పైన నీలం, కింద పచ్చ, నడుమ ఇంకో రంగు. ఆకాశం, గడ్డి ఉన్న సీను వస్తే అద్భుతం. మనిషి మొహం క్లోజప్‌లో వస్తే మాత్రం నుదురు నీలం, గడ్డం పచ్చ :)

అసలు రంగులు 1982లో వచ్చాయి, ఆగస్టు 15 వేడుకలు, ఆ తర్వాత ఏషియాడ్. ఇక్కడ మనకొక అదృష్టం కలిసొచ్చింది. అమెరికా వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సిగ్నల్ కాస్త తేడా చేస్తే మొహాలు ఆకుపచ్చగానో ఊదాగానో మారిపోయేవి. అందుకే వాళ్ళ టీవీలకి 'టింట్' అని ఒక మీట ఉండేది. మనం తీసుకున్న పాల్ పద్ధతిని జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు వాల్టర్ బ్రూక్ తయారు చేశాడు. అందులో ఒక గీత తప్పితే మరో గీతకి రంగు సంకేతంలో ఒక భాగాన్ని తిరగేసి పంపుతారు, దాంతో ఒక గీతలో వచ్చిన తప్పును పక్క గీతలోని తప్పు కొట్టేస్తుంది. చిన్న ఆలోచనే, కానీ ఎంత చక్కని ఎర్రర్ కరెక్షన్! మన కలర్ టీవీ మెనూలో 'టింట్' ఎందుకు పనిచెయ్యదో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. ఎన్‌టీఎస్‌సీ వీసీడీ పెట్టిన రోజు అది కదిలింది.

పాల్ కాపాడలేనిది ఒకటుంది, తెలుపు. ఏది తెలుపు? ప్రమాణం 6500 కెల్విన్ అంటుంది. జపాన్ వాళ్ళు 9300 దగ్గర పెట్టుకున్నారు, అంటే బాగా నీలం. మన ఇళ్ళకొచ్చిన సెట్లూ చాలావరకు నీలం వైపే మొగ్గేవి. మనకది వింతగా అనిపించలేదు, నీలిమందు వేసిన పంచెనే కదా మనం తెల్లపంచె అంటాం! నలభై ఏళ్ళు ఆ తెలుపుకి అలవాటుపడ్డ కంటికి అసలు తెలుపు పచ్చగానే కనిపిస్తుంది.

ఇక షోరూం సంగతి. ట్యూబ్‌లైట్ల వెలుగులో ముప్పై టీవీలు వరసగా పెడితే అన్నిటికన్నా వెలుగు, నీలం ఎక్కువున్నదే కొనేవాడి కంట పడుతుంది. అందుకే మొదటిసారి ఆన్ చెయ్యగానే ఇల్లా, కొట్టా అని అడుగుతుంది. బిగించే కుర్రాడు తొందరలో ఏది నొక్కితే అదే ఖాయం. సినిమా సెకనుకి 24 ఫ్రేములైతే నడుమ లేనివి పుట్టించి కలిపే స్మూతింగ్ కూడా చాలా సెట్లలో ఆన్‌లోనే వస్తుంది. దానివల్ల ఎంత పెద్ద సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. దర్శకులు గోల చేస్తే 2019లో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ప్రకటించారు. ఒకప్పుడు మీటలు ముందే ఉండేవి, బాపు కూడా తిప్పేవాడు. ఇప్పుడు నాలుగు మెనూల లోపల ఉన్నాయి. ఇది నాకు నచ్చదు.

ఇదంతా బాపుకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఎడమ కన్ను మూసి చూశాడు, కుడి కన్ను మూసి చూశాడు. "ఈ కన్నుకు తెల్లగనే ఉన్నదిరా. ఈ కన్నుకే పచ్చగ కొడ్తుంది."

అప్పుడు గుర్తొచ్చింది. దీపావళి తర్వాత ఆయన కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. వయసుతో కంటి కటకం పసుపెక్కి నీలాన్ని ఆపేస్తుంది. దాన్ని తీసి కొత్తది పెడితే నీలం మళ్ళీ లోపలికొస్తుంది. ఎడమ కన్ను ఇంకా పాతదే. నేను టీవీ ఒక్కటే సరిచేశాను.

చివరికి పగలు వార్తలకి 'స్టాండర్డ్', రాత్రి సినిమాకి 'సినిమా' అని మార్చే తీరు కాగితం మీద రాసి గోడకి అంటించాను. రెండో కన్ను ఉగాది తర్వాత చేయిస్తామన్నాం.

"అప్పుడొచ్చి మల్ల తిప్పుదువు తియ్యి" అన్నాడు.