చిత్తుప్రతి వంటి కారు

మోటారు కార్లలో అమ్మకమునకు గాక, ఊహను పరీక్షించుటకే నిర్మింపబడినవి కొన్ని గలవు. వానిలో మొదటిదిగా పలువు రెన్నునది 1938లో అమెరికాలో జనరల్ మోటార్సు వారు చేసిన బ్యూక్ వై-జాబ్. దాని రూపకర్త హార్లీ ఎర్ల్. లాస్ ఏంజెలీస్ నగరమున తండ్రిగారి బండ్ల కార్ఖానాలో పని నేర్చిన యీయన, కారు ఆకృతిని ముందుగా మట్టితో మలచి చూచు పద్ధతిని ఆ సంస్థలో నెలకొల్పెను. వై-జాబునకు ప్రక్కమెట్లు లేవు. ముందు దీపములు మూతల చాటున దాగును. కిటికీ అద్దములు విద్యుచ్ఛక్తితో కదలును. చేసిన దొక్కటే. దానిని ప్రదర్శనశాలలో దాచక, ఎర్ల్ తానే యేండ్ల తరబడి నడిపెను. గుమాస్తాగిరి చేసిన మాబోంట్లకు ఈ సంగతి వెంటనే బోధపడును: చిత్తు లేనిదే శుద్ధప్రతి యెక్కడిది?

అన్ని చిత్తులును శుద్ధప్రతులు కాలేదు. 1953 జనవరిలో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలున జనులు చూచి మెచ్చిన కార్వెట్టు, ఆ యేడే గాజునార దేహముతో 300 బండ్లుగా వెలువడెను. 1954లో చూపిన ఫైర్‌బర్డు మాత్రము, గ్యాసు టర్బైనుతో నడచునది, విపణి కెక్కనే లేదు.

ఏటేట రూపము మార్చి, నిరుటి కారుపై యజమానికి వెగటు పుట్టించు వ్యాపారపు టెత్తును ఎర్ల్ గారి పనిలో భాగమే. దానిని మేము మెచ్చజాలము. అయినను, వై-జాబున దాగిన ఆ దీపములు 1963 నాటి కార్వెట్టున మరల కనుపించినవి.