సనద్ ఇంటికొచ్చిన రోజు

లాలాగూడలో ఒక ఇంటి బిడ్డకు యూనివర్సిటీ పట్టా వస్తే ఆ ఖుషీ ఆ ఒక్క ఇంటితో ఆగదు. ఫుప్పూ ఫూల్‌హార్ తెస్తుంది. ఖాలా మిఠాయి పంచుతుంది. పక్కింటి అమ్మ వచ్చి దిష్టి తీసి మెటికలు విరుస్తుంది. దోస్తులంతా నల్ల గౌన్లు తొడుక్కుని ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫోటోలు దిగుతారు. రాత్రికి ఇంట్లో దావత్. ఈ జష్న్ వెనక వందేళ్లకు పైబడిన తారీఖ్ ఉంది.

ఈ రోజుకు మనకు మూడు పేర్లున్నాయి. ఇంగ్లీషులో కాన్వొకేషన్. తెలుగులో స్నాతకోత్సవం: గురుకులంలో చదువు ముగించి స్నానం చేసి ఇంటికి తిరిగొచ్చేవాడు స్నాతకుడు. ఉర్దూలో జల్సా-ఎ-తక్సీమ్-ఎ-అస్నాద్, అంటే సనద్‌లు పంచే సభ. మన మద్రసాల్లో హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లవాడి తలకు దస్తార్ చుట్టే దస్తార్‌బందీ కూడా ఈ కోవలోదే. ఉస్తాద్ తన షాగిర్ద్‌కు 'ఇక నువ్వు చెప్పొచ్చు' అని ఇజాజత్ ఇవ్వడం ఇస్లామీ తాలీమ్‌లో చాలా పాత రివాజు. పేరు ఏదైనా మాట ఒక్కటే. నేర్చుకున్నది ఇంటికీ, బస్తీకీ తిరిగి రావాలి.

లాలాగూడకు ఈ ముచ్చటతో దగ్గరి రిష్తా ఉంది. ఇక్కడి రైల్వే వర్క్‌షాప్ 1893లో మొదలైంది. అప్పుడు నిజాం రాజ్యంలో రైళ్లు నడిపింది లండన్‌లో పెట్టిన కంపెనీ. 1930లో నిజాం సర్కార్ ఆ రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. వర్క్‌షాప్ కూత వింటూ డ్యూటీకి పోయే మజ్దూర్ల బస్తీకి తార్నాక అవతల, అడిక్‌మెట్ గుట్టల మీద, అదే దశకంలో ఇంకో ఇమారత్ లేచింది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది రాయి పడింది. 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాని ఇఫ్తెతాహ్ చేశారు. నక్షా గీసింది బెల్జియం ఆర్కిటెక్ట్ అర్నెస్ట్ జాస్పర్. కమాన్లలో ఇస్లామీ తర్జ్, స్తంభాల్లో అజంతా ఎల్లోరాల జాడ కలిసి కనిపిస్తాయి. ఇనుము కొట్టే చేతులకూ కితాబ్ పట్టే చేతులకూ నడుమ దూరం కొద్ది మైళ్లే. కానీ ఆ కొద్ది మైళ్లు దాటడానికి చాలా ఇళ్లకు రెండు మూడు తరాలు పట్టింది.

యూనివర్సిటీ మాత్రం ఆ ఇమారత్ కన్నా ముందే పుట్టింది. 1917లో సర్ అక్బర్ హైదరీ ఒక యాద్దాష్త్ రాసి నిజాంకు సమర్పించారు. పరాయి జబాన్‌లో చదివితే పిల్లవాడి జెహన్ బట్టీ పట్టడానికే సరిపోతుందన్నది అందులోని దలీల్. ఆ ఏడే ఫర్మాన్ వచ్చింది. 1918లో యూనివర్సిటీ ఖాయమైంది, 1919లో క్లాసులు మొదలయ్యాయి. పై చదువులు ఉర్దూలో, ఇంగ్లీషు ఒక తప్పనిసరి సబ్జెక్ట్. పాఠాలకు కితాబులు కావాలి కాబట్టి దారుల్ తర్జుమా పెట్టారు. దాని బాధ్యత తీసుకున్నది 'బాబా-ఎ-ఉర్దూ' మౌల్వీ అబ్దుల్ హక్. సైన్సూ, డాక్టరీ, కానూన్ ఉర్దూలోకి వచ్చాయి. హిందుస్తాన్‌లో దేశభాషలో డిగ్రీ దాకా చదువు చెప్పిన మొదటి యూనివర్సిటీ ఇదే. ఈ ఆలోచనను రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా మెచ్చుకున్నారు.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పుకోవాలి. ఉర్దూ మన మాదరీ జబాన్ కావచ్చు. కానీ నిజాం రియాసత్‌లో ఎక్కువ ఇళ్లలో మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడ. ఇంటి భాషలో చదువు అన్న దలీల్ మన ఇంటికి వర్తించింది, మన హమ్‌సాయా ఇంటికి వర్తించలేదు. తెలుగు పిల్లవాడికి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన జబానే. ఈ మాట ఒప్పుకున్నంత మాత్రాన ఉస్మానియా షాన్ తగ్గదు. ఒప్పుకోకపోతే మన తారీఖ్ సగమే మిగులుతుంది.

1948లో రియాసత్ పోయింది. యూనివర్సిటీలో ఉర్దూ జాగాలో ఇంగ్లీషు వచ్చింది. ఆ మార్పుతో నిన్నటిదాకా ఉర్దూలో ఫిజిక్స్ చదివిన తరానికి ఆ ఇల్మ్ చెప్పే జాగా పోయింది. తెలుగు ఇంటికీ ఫాయిదా కలగలేదు, ఎందుకంటే ఉర్దూ పోయిన చోటికి తెలుగు రాలేదు. ఇప్పుడు రెండిళ్లలోనూ అదే హాలత్. బిడ్డ చేతిలో సనద్ ఉంటుంది, దాని మీద రాసింది అమ్మీకి అర్థం కాదు.

అయినా దర్వాజా ఒక్కటే మూసుకోలేదు, కొన్ని తెరుచుకున్నాయి కూడా. 1953 జనవరి 12న ఉస్మానియా డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బడిలో దూరంగా కూర్చోబెట్టిన బిడ్డను ఒక యూనివర్సిటీ పిలిచి ఇజ్జత్ చేసిన రోజది. 1982లో హైదరాబాద్‌లో దేశపు మొదటి ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. దానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. డ్యూటీ చేస్తూ, ఇల్లు చూసుకుంటూ తెలుగులో డిగ్రీ చదువుకునే వీలు అక్కడ దొరికింది. 1998లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ మొదలై, ఉర్దూలో పై చదువు హైదరాబాద్‌కు తిరిగొచ్చింది. 1917లో లేచిన సవాల్ ఇంకా జిందాగానే ఉంది.

కాబట్టి సనద్ ఇంటికొచ్చిన రోజు ఫోటోలు దిగండి, దావత్ చేయండి, దోస్తులను పిలవండి. అది మన హక్. దాంతో పాటు ఇంకో చిన్న పని చేయండి. పట్టా పొందిన బిడ్డ దాదీమా పక్కన కూర్చుని, తాను ఏం చదివిందో, అది దేనికి పనికొస్తుందో ఇంటి జబాన్‌లో చెప్పాలి. ఉర్దూలో అయినా, తెలుగులో అయినా, రెండూ కలిసిన మన లాలాగూడ మాటలో అయినా సరే. కెమిస్ట్రీని దాదీమాకు సమఝాయించగలిగితే ఆ చదువు నిజంగా వంటబట్టినట్టు. ఎవరి డ్యూటీ డబ్బుతో, ఎవరి కుట్టుమిషన్ కమాయీతో ఫీజు కట్టారో వాళ్ల పేర్లు కూడా ఆ పూట అందరి ముందు చెప్పాలి. యూనివర్సిటీ సనద్ మీద ఒక్క పేరే రాస్తుంది. మిగతా పేర్లు చదివి వినిపించాల్సింది మనమే.

అల్లాహ్ మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.