టెస్టోస్టెరాన్ మోతాదు మించితే రక్తనాళాలకు ముప్పే..!

కండలు త్వరగా రావాలని కొందరు కుర్రాళ్లు డాక్టర్‌ను అడక్కుండానే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడేస్తుంటారు. కండలైతే పైకి కనిపిస్తాయి కానీ, లోపల రక్తనాళాలకు తగిలే దెబ్బ మాత్రం కనిపించదు.

పురుషుల్లో ఈ హార్మోన్ డెసిలీటర్ రక్తానికి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల వరకు ఉంటుంది. ఈ స్థాయిలో ఉంటే శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ అదుపులో ఉండటానికి తోడ్పడుతుంది. అదే బయటి నుంచి ఎక్కించి బాగా పెంచితే సీన్ రివర్స్ అవుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. బీపీ కూడా పెరగొచ్చు. రక్తనాళాలను సాగేలా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, వాటి లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటే గుండెపోటు, స్ట్రోక్ ముప్పు తప్పదు.

హార్మోన్ నిజంగానే తక్కువగా ఉన్న 5 వేల మందికి పైగా పురుషులపై జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. వైద్యుల పర్యవేక్షణలో చికిత్స తీసుకున్నవారిలో గుండెపోటు, స్ట్రోక్ ముప్పు పెరగలేదు. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి.

అందుకే చికిత్స తీసుకునేవారికి హెమటోక్రిట్ పరీక్ష తప్పనిసరి. అది 54 శాతం దాటితే డాక్టర్లు మందు ఆపేస్తారు. జిమ్‌లో ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు ఈ లెక్క చూడరు!