చిల్లుల తెర

రెండేళ్ళ క్రితం ఒక పెద్దాయన కథల సంపుటి ఆవిష్కరణ సభకి వెళ్ళాను. సభ జరిగింది పెళ్ళిళ్ళు చేసే ఒక ఫంక్షన్ హాల్లో. కింద గ్రానైట్, పైన నున్నటి స్లాబు, పక్కన అద్దాల తలుపులు, వేదిక వెనక గోడంత ఎల్ఈడీ తెర. ఎనభై దాటిన ఆయన మైకు ముందుకి రాగానే ఆయన ముఖం మా అందరి మీదా వెలిగింది. కళ్ళకింద ముడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి మాట హాల్లో తిరుగుతూ ఉండగానే రెండోది వచ్చి దాని మీద పడేది. వెనక నుంచి ఎవరో "వినబడట్లేదండీ" అని అరిచారు. సౌండ్ కుర్రాడు వాల్యూమ్ పెంచాడు. దాంతో గోల పెరిగింది గానీ మాట పెరగలేదు. పది నిమిషాలకి జనం ఫోన్లు తీశారు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. నేను రాసేది సాఫ్ట్‌వేరు, ధ్వనిశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా చదివేకొద్దీ ఒకటి తెలిసొచ్చింది. ఆ సభలో జరిగింది ఆ కుర్రాడి తప్పు కాదు. బొమ్మ పెద్దదైన ప్రతిసారీ మాట ఇలాగే చిక్కులో పడింది. ఒకప్పుడు మాత్రం మాట కోసం బొమ్మే కాస్త తగ్గింది.

కథ 1895లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో ఉపన్యాసశాల చూడ్డానికి బాగుంది, వినడానికి పనికిరాలేదు. ఒక మాట అంటే అది ఐదున్నర సెకన్లు గదిలోనే తిరిగేది. మనం మామూలుగా మాట్లాడితే ఆ వ్యవధిలో పది పన్నెండు మాటలు దొర్లిపోతాయి. దీన్ని బాగుచేయమని వాలెస్ సేబిన్ అనే ఇరవై ఏడేళ్ళ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు.

సేబిన్ దగ్గరున్న సామగ్రి ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, ఆయన చెవి. పగలు వీధి చప్పుడు కాబట్టి రాత్రిళ్ళు పని. పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఇన్ని మెత్తలు పరిస్తే శబ్దం ఎంతసేపట్లో చచ్చిపోతోందో కొలిచేవాడు. తెల్లారేలోగా మెత్తలన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాలి. ఒంటిమీద బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తాయని గ్రహించి, కొలిచేటప్పుడు తను ఏం తొడుక్కున్నాడో కూడా రాసుకున్నాడు. ఇలా కొన్నేళ్ళు గడిచాక 1898లో సూత్రం దొరికింది. మారుమోత ఎంతసేపుంటుందన్నది గది ఘనపరిమాణం పెరిగితే పెరుగుతుంది, గదిలో శబ్దాన్ని పీల్చేవి పెరిగితే తగ్గుతుంది. అంతే. ఆ లెక్క ఆధారంగా కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది. ప్రపంచంలోని గొప్ప సంగీతశాలల్లో ఒకటిగా దానికి ఇప్పటికీ పేరుంది.

పీల్చే శక్తిని కొలవడానికి సేబిన్ వాడిన ప్రమాణం నాకు భలే నచ్చింది: తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగిరాదు. కాబట్టి అది నూటికి నూరుపాళ్ళూ పీల్చుకున్నట్టే. ఒక తివాచీ ఎన్ని చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సమానం, ఒక మనిషి ఎంత కిటికీకి సమానం అని లెక్క.

ఇది చదవగానే మన పందిళ్ళు గుర్తొచ్చాయి. తాటాకు పందిరికి నాలుగు వైపులా గోడల్లేవు. సేబిన్ భాషలో అదంతా తెరిచిన కిటికీయే. హరికథ చెప్పే దాసుగారికి అక్కడ గొంతు చాలకపోవడం ఒక ఇబ్బందేమో గానీ, మాట మాట మీద పడే బాధ మాత్రం లేదు. తోలుబొమ్మలాటలో అయితే పాడేవాళ్ళు తెర వెనకే ఉంటారు. బొమ్మ ఆడేదీ, గొంతు వచ్చేదీ ఒకే చోటు నుంచి. మధ్యలో ఉన్నది పల్చటి గుడ్డ. మన భాషలో తెర అంటేనే గుడ్డ కదా! అది వెలుగునీ రానిస్తుంది, గొంతునీ రానిస్తుంది.

ఇక సినిమా సంగతి. 1927 మార్చిలో న్యూయార్క్‌లో రాక్సీ థియేటర్ తెరిచారు. దాదాపు 6,000 సీట్లు. ఆ తరం హాళ్ళన్నీ రాజప్రాసాదాల్లాంటివి. మూకీ సినిమా ఆడుతుంటే వాద్యబృందమో పెద్ద ఆర్గనో మోగాలి కాబట్టి, సంగీతం నిండుగా వినిపించేలా కట్టారు. సంగీతానికి కాస్త మారుమోత అందం. మాటకి అదే విషం. అదే ఏడాది అక్టోబరులో 'ది జాజ్ సింగర్' విడుదలైంది. ఏడాది రెండేళ్ళలో సినిమా మొత్తం మాట్లాడ్డం మొదలుపెట్టింది. సంగీతం కోసం కట్టిన హాళ్ళలో ఇప్పుడు సంభాషణలు వినబడాలి. గోడలకి మెత్తటి పలకలు వచ్చాయి, సీలింగుకి శబ్దాన్ని పీల్చే పూతలు వచ్చాయి. కుర్చీలకి మందంగా కుషన్ వేశారు. అది మన సుఖం కోసమే కాదు. జనం లేని రోజు ఖాళీ కుర్చీ మనిషికి బదులు శబ్దం పీల్చాలని కూడా.

ఇంకో చిక్కు మిగిలింది. స్పీకర్ ఎక్కడ పెట్టాలి? తెర పక్కన పెడితే, నాయిక పెదాలు ఇక్కడా గొంతు అక్కడా అవుతుంది. వెనక పెడితే తెర అడ్డం. ఫాక్స్ కంపెనీలో పనిచేసిన ఎర్ల్ స్పోనబుల్ ఒక మార్గం చూపించాడు: తెరకి చిల్లులు పెట్టడం. ఒక్కోటి మిల్లీమీటరు పైచిలుకు, తెరంతా వేలకివేలు. దూరం నుంచి చూస్తే కంటికి ఆనవు, గొంతుకి దారిస్తాయి. ఊరికే రాలేదు ఇది. చిల్లు పడిన మేరకి వెలుగు వృథా, బొమ్మ కాస్త మసక. అయినా ప్రపంచమంతా ఒప్పుకుంది. 1932లో మన 'భక్త ప్రహ్లాద' మాట్లాడింది. ఊరూరా హాళ్ళ పేర్ల చివర 'టాకీస్' చేరింది. కొన్నిటికి ఇంకా ఉంది. హాలు పేరుకి బొమ్మని కాకుండా మాటని తగిలించుకున్న రోజులవి.

వీడియోది వేరే దారి. స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే ఆచార్యుడు టీవీ బొమ్మని సినిమా తెరంత చేయాలని, పల్చటి నూనె పొర మీద ఎలక్ట్రాన్లతో గీసే 'ఐడోఫోర్' అనే యంత్రం తయారుచేశాడు. 1943లో నమూనా పనిచేసింది. తర్వాత నాసా కంట్రోల్ రూముల్లో వాడింది అవే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మొదటిసారి మౌస్ చూపించిన ప్రదర్శన మా వృత్తివాళ్ళకి పురాణగాథ. అప్పుడు ఆయన ముఖాన్ని పెద్ద తెర మీద వేసింది కూడా ఐడోఫోరే. ఆ ఫోటోల్లో నేను చాలా ఏళ్ళు మౌస్‌నే చూశాను. ఈమధ్యే చూశాను, ఆయన తలకి తగిలించుకున్న మైకుని. మైకు నోటికి ఎంత దగ్గరుంటే, గది గోల అందులో అంత తక్కువ చేరుతుంది.

1980లో లాస్ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో మిత్సుబిషి వాళ్ళ డైమండ్ విజన్ వెలిగింది. పట్టపగలు ఆరుబయట కనబడే వీడియో తెర. 1993లో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ సాధించాక ఎరుపు, ఆకుపచ్చలకి మూడో రంగు తోడై, ఇప్పుడు మనం చూసే ఎల్ఈడీ గోడలు సాధ్యమయ్యాయి. వాటి పుట్టుక ఆరుబయట, మైదానాల్లో. అక్కడంతా తెరిచిన కిటికీయే. అవి గదుల్లోకి వచ్చాక గదిని ఎవరూ పట్టించుకోలేదు. వేదిక వెనక మందపాటి మఖమల్ పరదా వేలాడే చోట గాజులాంటి గట్టి పలక వచ్చింది. వెనక ఫ్యాన్ల హోరు అదనం. ఇంగ్లీషువాడు దాన్ని 'వాల్' అని సరిగ్గానే పిలిచాడు. మనమే ఇంకా తెర అంటున్నాం.

సినిమాహాలుకీ ఇదే ఎదురైంది. 2017లో సియోల్‌లో సామ్‌సంగ్ మొదటి ఎల్ఈడీ సినిమా తెర పెట్టింది. నలుపు నిజంగా నలుపే, అద్భుతం. కానీ వెనక నుంచి గొంతు రాదు. దాంతో స్పీకర్లు తెర చుట్టూ పెట్టి, కొన్ని శబ్దాలని తెర మీదకే కొట్టి ప్రేక్షకుల వైపు మళ్ళించే ఏర్పాట్లు చేయాల్సొచ్చింది. తొంభై ఏళ్ళ కిందట విప్పిన చిక్కుముడి మళ్ళీ పడింది.

ఇక మన ఫంక్షన్ హాలు లెక్క. 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 ఎత్తు అనుకుందాం. గ్రానైటూ స్లాబూ అద్దాలూ అన్నీ కలిపి తొంభై చదరపు మీటర్ల కిటికీకి సమానమనుకుంటే, ఖాళీ హాల్లో మారుమోత ఆరు సెకన్లు దాటుతుంది. వందమంది కూర్చుంటే నాలుగు. సాహిత్యసభకి వందమంది రావడమే గొప్ప! మాట తేటగా వినబడాలంటే సెకను దరిదాపుల్లో ఉండాలి. పై స్లాబుకి శబ్దం పీల్చే పలకలు బిగిస్తే అదే హాలు సుమారు ఒక సెకనుకి వస్తుంది. వాల్యూమ్ ఎంత పెంచినా ఈ అంకె మారదు. మాటతోపాటు మారుమోతా అంతే పెరుగుతుంది.

పలకలు బిగించే వీల్లేకపోతే? లండన్ సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో మారుమోత పది సెకన్లు దాటుతుంది, దాన్ని ముట్టుకోనివ్వరు. 1950ల మొదట్లో పీటర్ పార్కిన్ అక్కడ సన్నటి నిలువు స్పీకర్లు జనానికి దగ్గరగా పెట్టాడు. అవి శబ్దాన్ని గోపురం మీదకి కాకుండా మనుషుల మీదకే పంపుతాయి. వెనక వరసల స్పీకర్లకి మాట కాస్త ఆలస్యంగా వెళ్ళేలా అయస్కాంత చక్రం ఒకటి అమర్చాడు. ముందుగా చేరిన శబ్దం ఎటు నుంచి వస్తే మాట అటు నుంచే వచ్చిందని చెవి నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ తేల్చిన సంగతి అది. అయస్కాంత చక్రం చేసిన పని ఇవాళ మామూలు డిజిటల్ మిక్సర్లో ఒక మీట. మన హాళ్ళలో రెండు భారీ పెట్టెలు వేదికకి అటూ ఇటూ పెట్టి హోరెత్తించడమే ఆనవాయితీ.

మొన్న ఇంకో సభకి ఏర్పాట్లు చేస్తూ నిర్వాహకులు సలహా అడిగారు. ఎల్ఈడీ వద్దండీ, ఆ డబ్బుతో మందపాటి పరదాలూ, మధ్య వరసల దగ్గర నాలుగు చిన్న స్పీకర్లూ అద్దెకి తెద్దాం అన్నాను. "పరదాలు ఫోటోల్లో పడవు కదా బాబూ" అన్నారాయన. నిజమే, నా దగ్గర జవాబు లేదు. సగానికి ఒప్పుకున్నారు. తెర చిన్నదైంది, పరదాలు వచ్చాయి. చివరి వరస దాకా వినబడింది. ఎవరూ మెచ్చుకోలేదు. వినబడ్డాన్ని ఎవరు గమనిస్తారు?

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. నాకు తెలిసినంతలో అదే ఆయన ఆఖరి సభ. ఆ వీడియో నా దగ్గరుంది. మారుమోత తీసేసే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ప్రయత్నించాను. అవి గొంతుని పల్చన చేశాయి గానీ మాటని తేల్చలేదు. మధ్యలో ఆయన ఏదో చెప్పి తనే నవ్వుతారు. నవ్వు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో! పన్ను ఊడిన చోటు కూడా తెలుస్తుంది. ఏం చెప్పి నవ్వారో మాత్రం ఆ హాల్లో ఉన్న మాలో ఎవరికీ తెలీదు.