పక్షవాతంపై పోరులో తెలుగు శాస్త్రవేత్త

విశాఖపట్నం: పక్షవాతం వస్తే కాలో, చెయ్యో పడిపోయిందని అంటాం. నిజానికి దెబ్బ తగిలేది కాలికీ, చేతికీ కాదు, మెదడుకు. అక్కడికి రక్తం తీసుకెళ్లే నాళం గడ్డతో పూడుకుపోవడమో, చిట్లిపోవడమో జరిగి నాడీకణాలు నశించడమే ఈ వ్యాధికి మూలం. ఆ కణాలను చావకుండా కాచే మందు కోసం శాస్త్రలోకం నాలుగు దశాబ్దాలకు పైగా వెదుకుతోంది. ఆ అన్వేషణలో చెప్పుకోదగిన పాత్ర ఒక తెలుగువారిది. ఆయనే అమెరికాలోని మాడిసన్ నగరంలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ నాడీ శస్త్రచికిత్స విభాగంలో పరిశోధనలు సాగించిన ఆచార్య రఘు వేముగంటి. మన్యం నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ ఆసుపత్రులకు చేరే రోగులకూ, ఉక్కునగరం, ఓడరేవుల్లో రేయింబవళ్లు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులకూ ఆయన ప్రయోగశాలలో తేలిన ఒక సంగతితో నేరుగా సంబంధం ఉంది. అది కాలానికి సంబంధించినది.

గ్రహణం నుంచి వచ్చిన పేరు

శరీరం బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. అయితే మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. దాచుకున్న నిల్వలంటూ దానికి లేవు. పెద్ద రక్తనాళం ఒకటి మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు.

అన్నీ ఒకేసారి నశించవు. రక్తం పూర్తిగా అందని నడిమి భాగం నిమిషాల్లోనే చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి పక్క నాళాల నుంచి కొద్దిపాటి రక్తం అందుతూ ఉంటుంది. అక్కడి కణాలు పనిచేయవు, కానీ బతికే ఉంటాయి. ఈ భాగానికి ఆస్‌ట్రప్, సీషో, సైమన్ అనే ఐరోపా శాస్త్రవేత్తలు 1981 నాటి వ్యాసంలో గ్రహణశాస్త్రం నుంచి పేరు తెచ్చి పెట్టారు. గ్రహణవేళ కటిక నీడ చుట్టూ మసక నీడ ఒకటి పడుతుంది. మన పంచాంగకర్తలు దానిని ఉపచ్ఛాయ అంటారు. పక్షవాత చికిత్స అంతా ఈ ఉపచ్ఛాయలో ఉన్న కణాల కోసమే.

వాటిని దక్కించుకునే దారులు రెండు. మూసుకున్న నాళాన్ని తెరవడం ఒకటి. తెరిచేలోగా, తెరిచిన తరువాతా కణాలను కాచుకోవడం రెండోది. మొదటి దారిలో విజయాలు వచ్చాయి. గడ్డను కరిగించే టీపీఏ మందును 3 గంటల్లోగా ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికా పరీక్షలు నిరూపించాయి. ఆ గడువును 2008లో ఐరోపా పరీక్షలు నాలుగున్నర గంటలకు పెంచాయి. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే పద్ధతి 2015లో స్థిరపడింది. స్కానింగ్‌లో ఉపచ్ఛాయ ఇంకా మిగిలి ఉన్నట్లు కనిపించిన కొందరికి 24 గంటల వరకూ ఇది పనికొస్తుందని 2018లో తేలింది.

రెండో దారి మాత్రం నిరాశలతో నిండి ఉంది. అప్పటివరకూ ప్రయోగించిన చికిత్సలను 2006లో కొందరు పరిశోధకులు లెక్కించగా 1,026 తేలాయి. ఎలుకల్లో పనిచేసినవి ఎన్నో మనుషుల్లో తేలిపోయాయి. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు 2006లో మొదటి పెద్ద పరీక్షలో ఆశ రేపి, మరుసటి ఏడాదే రెండో పరీక్షలో విఫలమైంది. ఆ తరువాత పలు మందుల సంస్థలు ఈ రంగం వైపు చూడడానికే జంకాయి.

హైదరాబాద్ నుంచి మాడిసన్‌కు

వేముగంటి పరిశోధన ఆరంభమైంది పక్షవాతంతో కాదు. 1990ల తొలినాళ్లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య సిహెచ్.ఆర్.కె.మూర్తితో కలిసి మెదడుపై అమ్మోనియా ప్రభావం గురించి పత్రాలు వెలువరించారు. అప్పటి పత్రాల్లో ఆయన పేరు వి.ఎల్.రాఘవేంద్రరావు. కాలేయం చెడినపుడు రక్తంలో పెరిగే అమ్మోనియా మెదడును ఎలా దెబ్బతీస్తుందన్నది నాటి ప్రశ్న. కెనడాలోని మాంట్రియల్‌లోనూ అదే కోవలో పనిచేసి, తరువాత మాడిసన్ చేరి పక్షవాతం వైపు మళ్లారు.

ఆయన బృందం ఎంచుకున్న మార్గం కొత్తది. కణంలో ప్రోటీన్ల తయారీకి ఆదేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏలతో పాటు, ఆ ఆదేశాలను అదుపు చేసే చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు కూడా ఉంటాయి. వీటిని మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటారు. మెదడుకు కొంతసేపు రక్తం ఆగితే వీటిలో పెద్దఎత్తున మార్పులు వస్తాయని 2009లో ఈ బృందం ఎలుకల్లో గమనించింది. వాటిలో మిర్-7 అనేది తగ్గిపోయి, మళ్లీ త్వరగా కోలుకోకపోవడం వారి దృష్టిని ఆకర్షించింది.

మిర్-7 అదుపులో ఉంచే ప్రోటీన్లలో ఆల్ఫా సైన్యూక్లిన్ ఒకటి. పార్కిన్సన్స్ వ్యాధిలో మెదడులో పేరుకుపోయేది ఇదే. కాపలాదారు తగ్గితే దొంగ విజృంభించినట్లు, మిర్-7 తగ్గగానే ఈ ప్రోటీన్ పెరిగి కణాల్లోని శక్తి కేంద్రాలను ముక్కలు చేస్తుంది. పక్షవాతం తరువాత మెదడు నష్టంలో దీనికి పాత్ర ఉందని 2016లో ఈ బృందం వెల్లడించింది.

2018లో మరో అడుగు పడింది. మిర్-7ను పోలిన కృత్రిమ అణువును ఎక్కించినపుడు దెబ్బతిన్న భాగం తగ్గింది. వయసులో ఉన్నవీ, ముసలివీ, ఆడా, మగా అన్నింటిలోనూ మేలు కనిపించింది. ఒక్క వయసు మగ ఎలుకలతో సరిపెట్టడమే పాత ప్రయోగాల లోపమనే విమర్శ ఉన్నందున ఇది ముఖ్యం. అయితే అసలు గమనించవలసిన సంగతి వేరు. చుంచెలుకలకు ఈ అణువును రక్తంలోకి ఎక్కించినపుడు, నాళం మూసిన ఘటన తరువాత 30 నిమిషాలకు ఇస్తే గుణమిచ్చింది. 2 గంటలకు ఇస్తే ఇవ్వలేదు. అన్నీ సిద్ధంగా ఉన్న ప్రయోగశాలలోనే ఆలస్యం ఇంత పని చేసింది.

ఇదే బృందం 2019లో విటమిన్-సికి చెందిన ఆస్కార్బేట్ ఇచ్చి చూసింది. జన్యువులపై ఉండే కొన్ని రసాయన గుర్తులు పెరిగి చుంచెలుకల మెదడుకు రక్షణ లభించినట్లు కనుగొంది. దీనిని చదివి మందుల దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. మనుషుల్లో ఇది నిరూపణ కాలేదు. మిర్-7 కూడా ఇంకా ఆసుపత్రి మందు కాలేదు.

విశాఖకు వస్తే

మందు ఉన్నా లేకున్నా గడియారం ఆగదు. పాడేరు నుంచి నగరానికి వంద కిలోమీటర్లకు పైబడిన దారి. ఆ పైన చింతపల్లి మరింత దూరం. టీపీఏ గడువైన నాలుగున్నర గంటల్లో సగానికి పైగా రోడ్డు మీదే కరిగిపోవచ్చు. గాజువాకలో ఉన్నవారికి ఆ ఇబ్బంది లేదు గానీ, అక్కడ కాలం వేరే విధంగా పోతుంది. మూతి వంకర పోయిందని తెలిసీ తెల్లవారే దాకా చూద్దామనుకోవడం, పసరు తాగించడం, పావురం రక్తంతో మర్దన చేయడం నేటికీ ఉన్నాయి. మింగే శక్తి తగ్గినపుడు నోట్లో పోసింది మంచినీళ్లయినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్ప్రిన్ బిళ్ల వేయడం కూడా తొందరపాటే. నాళం పూడిందా, చిట్లిందా అన్నది సీటీ స్కాన్ తీస్తే గానీ తెలియదు. చిట్లి ఉంటే ఆ బిళ్ల హాని చేస్తుంది.

రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రపోయే కార్మికుని విషయంలో మరో చిక్కుంది. లేచేసరికి చెయ్యి పడిపోతే, వ్యాధి ఎప్పుడు మొదలైందో చెప్పేవారుండరు. వైద్యులు అప్పుడు చివరిసారి మామూలుగా కనిపించిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పడుకునే ముందు మాట్లాడిన భార్యో, బస్సులో పక్కన కూర్చున్న తోటి కార్మికుడో చెప్పే ఆ ఒక్క మాటపై చికిత్స ఆధారపడుతుంది. మూతి వంకర, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట తడబడడం, హఠాత్తుగా తూలిపోవడం లేదా చూపు తగ్గడం కనిపిస్తే 108కు ఫోన్ చేయాలి. రాత్రివేళ సీటీ స్కాన్, గడ్డ కరిగించే మందు ఉన్న ఆసుపత్రి దగ్గరలో ఏదో రక్తపోటు రోగి ఇంట్లో వారు ముందే విచారించి ఉంచుకోవాలి.

గడువు దాటిన వారి మాటేమిటి? చచ్చిన కణాలు తిరిగి రావు. కానీ మిగిలిన కణాలు కొత్త సంబంధాలు కలుపుకొని పోయిన పనిలో కొంత నేర్చుకోగలవు. తొలి నెలల్లో ఈ శక్తి ఎక్కువ. అంతటితో ఆగిపోతుందని అనుకోనక్కరలేదు. అమెరికాలో పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాల పాటు బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. మామూలు చికిత్స పొందినవారి కంటే వారి చేతి పనితనం మెరుగుపడింది. ఏడాది తరువాత పరీక్షించినా ఆ మెరుగుదల నిలిచే ఉంది.