బొమ్మలు పొదిగిన ఈమెయిళ్ల ముద్రణ: లోపాలు, సవరణలు

ఈమెయిల్‌లో అక్షరాల నడుమ పెట్టిన బొమ్మలు తెర మీద కనిపించి కాగితం మీదికి రాకపోవడం, వచ్చినా కుడి అంచు తెగడం, అలుక్కుపోవడం, వాటి చోట ఎర్ర ఇంటూ గుర్తుతో ఖాళీ పెట్టె పడడం వంటి లోపాలన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. వీటిని ప్రింటర్ తప్పుగా భావించడం పరిపాటే గాని, అదే ప్రింటర్ అదే బొమ్మను విడి ఫైలుగా ఇస్తే సాధారణంగా చక్కగానే అచ్చు వేస్తుంది కనుక, లోపం చాలావరకు ఉత్తరం కూర్పులోనో దాన్ని చూపే ప్రోగ్రాములోనో ఉంటుందనడం సబబు.

తెలుగు ఉత్తరాల విషయంలో ఈ చిక్కుకు అదనపు కారణం ఒకటుంది. కోయంబత్తూరు నుంచి పొళ్లాచ్చి వెళ్లే దారిలోని కినత్తుకడవు ప్రాంతంలోనూ, మదురై పరిసరాల్లోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో మాట తెలుగైనా చదువు ఎక్కువగా తమిళంలో సాగడంతో కంప్యూటర్లలో తెలుగు డీటీపీ ఫాంట్లు ఉండకపోవచ్చు కనుక, ఇలాంటి చోట్లకు తెలుగు లిపిలోని శుభలేఖ పంపాలంటే అది అక్షరంగా కంటే బొమ్మగా వెళ్లడమే తేలిక. అను వంటి యూనికోడేతర ఫాంట్లతో డీటీపీ కేంద్రంలో కూర్చిన పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చి గుర్తులుగా మారుతుంది కాబట్టి, దాన్ని జేపెగ్ బొమ్మగా చేసి ఉత్తరంలో పొదగడం అలవాటైంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికి, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చినా, అచ్చు పనిలో పాత ఫాంట్ల వాడుక పోలేదు.

ఈమెయిల్‌లో బొమ్మ పంపడం ఎప్పుడు మొదలైందన్న దానికి రెండు సమాధానాలున్నాయి. మేరీ ఆన్ హార్టన్ 1980లో రాసిన యూయూఎన్‌కోడ్‌ను కొందరు ఆదిగా చెబుతారు; నథానియెల్ బోరెన్‌స్టైన్ 1992 మార్చి 11న తన గాయక బృందం ఫొటోను జతచేసి పంపిన ఉత్తరాన్ని మరికొందరు చూపుతారు. మొదటిది ఏ ఫైలునైనా అక్షరాలుగా మార్చే ఉపాయం మాత్రమే; ఒకే ఉత్తరంలో పలు రకాల భాగాలను చేర్చే మైమ్ ప్రమాణం 1992 జూన్‌లో వెలువడింది. అయితే ముద్రణ దృష్టితో చూస్తే, వెబ్ పేజీలా కూర్చిన ఉత్తరంలో బొమ్మకు నిర్ణీత స్థానం కల్పించే పద్ధతిని 1997లో ప్రతిపాదించి 1999లో సవరించిన పత్రాలకే ప్రాధాన్యం ఎక్కువ.

ఉత్తరంలో బొమ్మ మూడు రకాలుగా ఉండవచ్చు. మొదటి రకంలో, అంటే ఈ పద్ధతిలో, బొమ్మ ఉత్తరంలోనే ఒక భాగంగా ప్రయాణిస్తుంది, పాఠంలో దాని చోట సీఐడీ అనే గుర్తింపు మాత్రం ఉంటుంది. రెండో రకంలో బొమ్మ ఉత్తరంలో ఉండనే ఉండదు, ఏదో సర్వరులోని దాని చిరునామా మాత్రమే ఉంటుంది. మూడో రకంలో బొమ్మ సమాచారమంతా పాఠంలోనే అక్షరాల దండగా గుచ్చి ఉంటుంది. దీన్ని జీమెయిల్ తెర మీదే చూపదు. లోపాన్ని వెతికేవారు మొదట తేల్చుకోవలసింది బొమ్మ వీటిలో ఏ రకమన్నదే. ఇంటర్నెట్ తీసేసి, ముందెప్పుడూ తెరవని కంప్యూటరులో దింపుకున్న ఉత్తరాన్ని తెరిచినప్పుడు బొమ్మ కనిపిస్తే అది మొదటి రకం కావచ్చు.

చిరునామా మాత్రమే ఉన్న బొమ్మలను తెరిస్తే ఉత్తరం చదివిన సంగతి పంపినవారికి తెలిసిపోతుందన్న కారణంతో అవుట్‌లుక్ 2003 నుంచి వాటిని ముందుగానే ఆపుతోంది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపుతున్నా, అడిగాకే చూపాలన్న అమరిక పెట్టుకున్నవారికి ఖాళీయే అచ్చవుతుంది. అందుకే ముందు బొమ్మలను దింపుకుని, ప్రివ్యూలో అవి పూర్తిగా కనిపించాకే ప్రింట్ ఇవ్వాలి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో 2007 కూర్పు నుంచి ఉత్తరాన్ని చూపే పని వర్డ్ యంత్రాంగానిది కనుక, ఎడిటర్ ఆప్షన్లలో ‘షో పిక్చర్ ప్లేస్‌హోల్డర్స్’ టిక్ అయి ఉందేమో కూడా చూడాలి. ఉత్తరంలోనే ఉన్న బొమ్మలకు సైతం ఎర్ర ఇంటూ పడుతుంటే తాత్కాలిక ఫోల్డరు నిండిపోవడం ఒక కారణమని చెబుతారు; దాన్ని ఖాళీ చేయడం హాని లేని ప్రయత్నమే.

బొమ్మ అచ్చయినా తెలుగు చదవలేకపోవడం వేరే సమస్య, దీనికి లెక్కే సాక్ష్యం. 600 పిక్సెళ్ల వెడల్పు శుభలేఖను కాగితంపై 6 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 100 చుక్కలే దక్కుతాయి, నాణ్యమైన అచ్చుకు వాడుకలో 300 కావాలంటారు. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. అక్షరం ఎత్తు 16 పిక్సెళ్లయితే దాని కింది వత్తు మొత్తం ఒక్క గడిలో ఇరుక్కుపోతుంది. ‘ప్రథమ పుత్రిక’లో థ పొట్టలోని చుక్క పూడిపోయి ధగా కనిపించడం, ‘జ్యేష్ఠ’లో కింది వత్తు నల్లని ఉండగా మారడం ఇందువల్లనే. వాట్సాప్‌లో ఒకసారి కుదించుకుపోయి వచ్చిన బొమ్మనే మళ్లీ ఉత్తరంలో పెడితే నష్టం రెట్టింపవుతుంది. ప్రింటరులో నాణ్యత పెంచినా పోయిన చుక్క తిరిగి రాదు. పంపినవారి నుంచి అసలు ఫైలు తెప్పించుకోవడం ఒక్కటే మార్గం.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే బ్రౌజరు లెక్కలో అంచులతో కలిపి సుమారు 794 పిక్సెళ్లు. అంతకు మించిన బొమ్మకు వెడల్పు కట్టడి లేకపోతే కుడివైపు తెగవచ్చు. కాగితాన్ని అడ్డంగా తిప్పడమో, స్కేలు తగ్గించడమో, అవుట్‌లుక్‌లో అయితే ‘వ్యూ ఇన్ బ్రౌజర్’తో తెరిచి అక్కడి నుంచి ముద్రించడమో చేయాలి. అక్షరాల వెనక నేపథ్యంగా పరిచిన రంగులను, బొమ్మలను బ్రౌజర్లు సిరా ఆదా కోసం అచ్చు వేయవు. ‘బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్’ టిక్ చేస్తే వస్తాయి. ఐఫోన్లు 2017 నుంచి తీస్తున్న హెచ్ఈఐసీ ఫొటోలు చాలా బ్రౌజర్లలో తెరుచుకోవు కనుక ముందే జేపెగ్‌గా మార్చాలి. ప్రింటరు డ్రైవరు, మెమరీ లోపాల వంతు చివరిది.

జెరాక్స్ దుకాణానికి పంపేటప్పుడు ఉత్తరాన్ని ఫార్వర్డ్ చేయడం కంటే పీడీఎఫ్‌గా భద్రపరచి జతచేయడం మేలు, ఎందుకంటే దుకాణంలోని అమరికలు ఏవైనా బొమ్మలు ఫైలులోనే ఉంటాయి. పంపేవారే ఫాంటును పొదిగిన పీడీఎఫ్ ఇస్తే వత్తులు, గుడులు గీతలుగానే ఉండి ప్రింటరుకు సాధ్యమైనంత స్పష్టంగా పడతాయి. అను ఫాంట్లతో చేసిన ఫైలైతే అచ్చు సవ్యంగా వచ్చినా, అందులోని పేరునో చిరునామానో కాపీ చేసినప్పుడు మాత్రం మళ్లీ పిచ్చి గుర్తులే వస్తాయి.